పుట్టకముందు కుట్టిన బొంత

నేను కుట్టిన బొంతలు ఇప్పుడు ఎవరింట్లో దేని కింద ఉన్నాయో అడక్కండి. చెబితే మీకు నవ్వు, నాకు కడుపుమంట. మా తోడికోడలు ఒకదాన్ని మిద్దె మీద పరిచి మిరపకాయలు ఎండబెడుతోంది. మా మరిది తన కొత్త బండికి దుమ్ము పట్టకుండా కప్పుతున్నాడు. ఆ బండిని చూసుకున్నంత బాగా పెళ్లాన్ని చూసుకుంటే వాళ్ల కాపురం ఎప్పుడో బాగుపడేది. నాతోపాటు బడిలో పనిచేసే టీచరమ్మ అయితే, "మీరిచ్చిన బొంత దేవుని గదిలో పెట్టుకున్నానండీ" అంది. నేను పొంగిపోయాను. ఒకరోజు వాళ్లింటికి పోతే దేవుడి గదిలోనే ఉంది, నిజమే. దీపాల నూనె డబ్బా కింద, జిడ్డు నేలకు అంటకుండా మడత పెట్టి ఉంది.

అయినా కర్నూల్లో కాపురముంటూ, బొంతలు కుట్టడం నాకు సరదా అని చెప్పుకుంటే ఎవరు మాత్రం నవ్వరు? ఈ ఊళ్లో వేసవి వచ్చిందంటే ఫ్యాను కూడా వేడిగాలినే విసురుతుంది. కప్పుకోవడానికి కాదమ్మా, కింద పరుచుకోవడానికి అని నేను చెప్పేలోపే ఎదుటివాళ్లు తమ ఫోము పరుపులు చూపిస్తారు. ఇక మా ఆయన సంగతి. నేను బీరువా తలుపు తీసిన చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు. "ఏమే, ఈ లుంగీ ఇంకా చినగలేదు, కట్టుకుంటాండా" అని కట్టుకున్న లుంగీనే రెండు చేతులా పట్టుకుంటాడు. ఆయన ఒంటి మీద గుడ్డ కూడా లాగేసే రకంగా కనబడతాను కాబోలు.

ఎందుకు కుడతానంటే పెద్ద కారణమేమీ లేదు. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, మూలలకు బరువులు పెట్టి, ముడత లేకుండా లాగి, అంచు నుంచి లోపలికి వరసగా చేత్తో కుట్టుకుంటూ రావాలి. నడుము విరుగుతుంది. కానీ పగలంతా పిల్లల తప్పుల లెక్కలు దిద్దిన మనిషికి, ఇంటికొచ్చాక ఏదో ఒకటి తిన్నగా కుదిరితే బాగుండుననిపిస్తుంది.

మా చెల్లెలిని కోయిలకుంట్లలో బట్టల అంగడి ఉన్న ఇంటికి ఇచ్చాం. వాళ్లకు గుడ్డ అంటే తానులోంచి చింపిన గుడ్డే, కొత్త వాసన వేయాలి. పాత చీరలు కలిపి కుట్టుకునే మనిషి తన కోడలికి సొంత అక్క అని తెలిసినప్పటి నుంచీ చెల్లెలి అత్తకు నా మీద శానా జాలి. "దుప్పట్లు కావాలంటే మనంగట్లో తీస్కపో తల్లీ, ఏంటికి కండ్లు పోగొట్టుకుంటావు?" అనేది. పాపం, ప్రేమే.

చెల్లెలు మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు నేను ఆగలేకపోయాను. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిపోయిన చీరలతో చిన్న బొంత ఒకటి కుట్టి, శ్రీమంతం నాడు, గాజులు తొడిగే చోటే అందరి ముందరా దాని ఒళ్లో పెట్టాను. అత్త ముఖం మాడిపోయింది.

"పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు, ఇదేం పని తల్లీ?" అంది.

"నెత్తిన పెట్టే కుల్ల కాదత్తా, బొంత," అన్నాను నేను. పేరంటానికి వచ్చిన వాళ్లంతా నవ్వారు. నా నోటికి నేనే మురిసిపోయాను.

ఎనిమిదో నెల దాటాక బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. బొడ్డుతాడు మెడకు చుట్టుకుందని డాక్టరమ్మ చెప్పింది. అందరం తలలూపి విన్నాం. ఆమె అటు పోగానే చెల్లెలి అత్త గోడకేసి చూస్తూ, "పుట్టని బిడ్డకు సూది పట్టుకుంటే ఊరికే పోతాదా" అంది. బొంతను చేత్తో కూడా తాకకుండా పనిమనిషితో కుందూ ఏట్లో వేయించిందని తర్వాత తెలిసింది. ఆమె సూది మాట అన్న క్షణానే నాలుగు మాటలు దులిపేసేదాన్ని. కానీ చెల్లెలు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. అంతా విన్నది. అట్లా అనొద్దత్తా అని ఒక్క మాట అనలేదు. అత్త అన్నదానికి కోపమే వచ్చింది. చెల్లెలు ఏమీ అననందుకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నేను బొంతల మీద పడ్డాను. అడిగిన వాళ్లకూ ఇచ్చాను, వద్దన్న వాళ్లకూ ఇచ్చాను. మిరపకాయలకూ, బండికీ, నూనె డబ్బాకూ నా బొంతలు దక్కింది ఆ రోజుల్లోనే. చంటిపిల్లల బొంత మాత్రం ఒక్కటీ కుట్టలేదు. ఎవరైనా అడిగితే, చిన్న కుట్టు కళ్లకు ఆనడం లేదని చెప్పేదాన్ని.

పోయిన సంవత్సరం చెల్లెలు మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి వాళ్లింట్లో కట్టుదిట్టాలు చూడాలి! శ్రీమంతం లేదు. గాజుల్లేవు. ఉయ్యాల మాట ఎత్తకూడదు. బజారులో ఎవరైనా దాని పొట్ట చూసి పలకరిస్తే, అత్త అడ్డమొచ్చి "వొళ్లు చేసింది" అనేదట. అహోబిలం నరసింహస్వామికి మాత్రం మొక్కు చెల్లిస్తానని చెప్పుకుంది, ఆయనొక్కడికీ రహస్యం తెలియవచ్చు కాబట్టి. ఇంట్లో అందరూ చెల్లెలితో "జాగ్రత్త" అనేవాళ్లు. అంతకుమించి బిడ్డ ఊసు ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు. ఫోను చేసినప్పుడల్లా బీపీ ఎంత, భోంచేసినావా అని అడిగి పెట్టేసేదాన్ని.

నెలలు నిండుతుంటే డాక్టరుకు దగ్గరగా ఉండాలని కర్నూలుకొచ్చి నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం కూలరు ముందు కూర్చుని, సంచీలోంచి తన పాత నూలు చీరలు తీసి నా ఒళ్లో పడేసింది.

"కుట్టక్కా."

"ఎవరికి?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"కలెక్టరుకు," అంది. ఆ నోరు మా వంశానిది, ఎక్కడికి పోతుంది?

"పుట్టినాక కుడతాలేవే. ఇప్పుడు ఎండలు శానా ఉండాయి, చేతి చెమటకు దారం మురికి పడతాది. ఆ సూది కూడా మొద్దుబారింది."

చెల్లెలు నా ముఖంలోకి చూసింది. "నీకూ భయమేనా అక్కా?"

నాకా, భయమా? గ్రహణం రోజు బడి పిల్లలందరినీ ఆరుబయట నిలబెట్టి బిస్కెట్లు పంచిపెట్టిన దాన్ని. పిల్లి ఎదురైతే దాన్నే పక్కకు జరగమనే రకాన్ని. మూఢనమ్మకాల మీద స్టాఫు రూములో నేను ఉపన్యాసమిస్తే టీలు చల్లారిపోయేవి. అంతటి వీరనారిని, సూదుల డబ్బా మూత మీద చేయి పెట్టి, తెరవలేక కూర్చున్నాను. అవును, భయమే. చచ్చేంత భయం. బొడ్డుతాడని డాక్టరమ్మ చెప్పింది నేను కూడా నమ్మలేదని ఆ మధ్యాహ్నం తెలిసింది.

"మొదటిదాన్ని అందరూ పోయిన బిడ్డ అంటారు," అంది చెల్లెలు. "అది వస్తాదని అనుకున్నది నువ్వొక్కదానివే. దానికంటూ ఒకటి కుట్టినావు. ఆ పొద్దు ఆస్పత్రిలో నీతో ఆ మాట చెప్పాలనుకుంటి, నాకు నోరు రాలే. ఈ బిడ్డ వస్తాదని ఒక్కరూ అనుకోకపోతే, నేనొక్కదాన్నే ఎట్ల మోసేది అక్కా?"

ఏడుస్తూ కుట్టానని రాస్తే బాగుంటుంది గానీ, తిట్టుకుంటూ కుట్టాను. చెల్లెలిని, దాని అత్తను, ఎండను, సూదిని, వరసపెట్టి. వేలికి గుచ్చుకున్నప్పుడల్లా చెల్లెలి పొట్ట వైపు చూసేదాన్ని. చెల్లెలు పక్కనే చాప మీద పడుకుని, "ఆ వరస వంకర పోతాండాది, సూసుకో" అని వంకలు పెడుతూ ఉండేది. అట్లా ఉండగా అత్త ఫోను చేసి, ఏం చేస్తాండారు అని అడిగింది.

"అక్క బిడ్డకు బొంత కుడతాంది అత్తా," అంది చెల్లెలు, కూర తరుగుతోందన్నంత తేలిగ్గా.

అత్త టక్కున ఫోను పెట్టేసింది. ఆ తర్వాత కాన్పు దాకా మళ్లీ ఫోను చేయలేదు. ఆ దినాలు నేనెట్లా గడిపానో నాకే తెలుసు. చెల్లెలు నిద్రలో అటు ఇటు కదిలితేనే నేను ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వరండా చివరి దాకా వినబడింది. కాన్పని తెలిసి కోయిలకుంట్ల నుంచి వచ్చిన చెల్లెలి అత్త చేతులు జోడించి, "అంతా అహోబిలం స్వామి దయ" అంది. బిడ్డ పోతే నా సూది, బతికితే స్వామి! ఇదెక్కడి న్యాయమత్తా అని నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో నర్సు బయటికొచ్చి, బిడ్డను పడుకోబెట్టడానికి మెత్తటి పాతగుడ్డ ఇమ్మంది. ముందుగా ఏదీ సిద్ధం చేయకూడదనేది అత్త పెట్టిన నియమం. పుట్టిన బిడ్డ కింద కొత్తగుడ్డ వేయకూడదనేది ఆమె ఎప్పటి నుంచో పాటించే ఇంకో నియమం. అంగడి నిండా బట్టలున్న మనిషి చేతిలో ఒక్క పాత పేలిక లేదు. నా సంచీలో బొంత ఉంది. ఇస్తానని నేను అనలేదు. మొదటిసారి ఇచ్చి అనుభవించింది చాలు.

ఆమే చెయ్యి చాచింది. "తెచ్చినావు గదా. ఇయ్యి."

ఇచ్చాను. బెంచీ మీద పరిచి, ఎక్కడైనా సూది మొన గానీ, గట్టి ముడి గానీ మిగిలిందేమోనని అరచేత్తో ఆ మూల నుంచి ఈ మూల దాకా తడిమింది. నర్సు తొందర పెడుతోంది. ఆమె వినలేదు. తిరగేసి అటువైపు కూడా తడిమింది. తర్వాత చెంపకు ఆనించుకుని అట్లాగే ఉండిపోయింది.

"మొదటిదానికి కూడా ఇంత మెత్తగానే కుట్టింటివా అమ్మీ?" అంది.

"కుట్టింటినత్తా," అన్నాను.