తంగమ్మాళ్ కండ్లు

వాడిపట్టి చుట్టుపక్కల తెలుగిండ్లలో ఎవరు పోయినా పటం చేసేది దొరైసామే. ఏడాది తిథికి పటం ఉండాలి, దానికి బొట్టు పెట్టాలి. జనం తెచ్చే ఫోటోలున్నాయే, దేవుడా! అన్నీ బూజు పట్టినవే, సగం వాటిలో కండ్లే ఉండవు. అప్పుడు భార్య తంగమ్మాళ్‌ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోటో తీసి, ఆమె కండ్లు కత్తిరించి వాటికి అతికించేవాడు. పాత ల్యాప్‌టాప్ తెర మసక కాబట్టి అతుకు కనబడేది కాదు.

"నలభై ఇండ్లలో నాకు పూజ జరుగుతా ఉంది, మీకు మాత్రం వంటమనిషిని" అని ఆమె నవ్వేది.

పని కాగానే కండ్లు మాత్రం దాచి, మిగతా ఫోటో చెరిపేసేవాడు. ల్యాప్‌టాప్‌లో చోటు చాలదు మరి! కూతురు జీవిత ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తితే తంగమ్మాళ్ కొంగు అడ్డం పెట్టుకునేది, "మీ నాయిన తీస్తే చాలు" అనేది. అసలుది చెదలు తినేసినా, ఎప్పుడో స్కాన్ చేసిన పెళ్లిఫోటో ఉంది కదా, కావాలంటే పెద్దది చేసుకోవచ్చని దొరైసామి ధీమా.

ఆమె పోయింది. తిథి దగ్గరపడుతుంటే, తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పనిచేసే జీవిత కొత్త ల్యాప్‌టాప్ తెచ్చింది.

"తెర చూడు నాయినా, వెంట్రుక కూడా తెలుస్తుంది. అమ్మ పటం దీంట్లో చెయ్యి."

పెళ్లిఫోటో తెరిచి పెద్దది చేశాడు. ఇన్నేళ్లూ మసకలో మొగంలా అనిపించినది గళ్లుగళ్లుగా విడిపోయింది. అందులో తంగమ్మాళ్ లేదు. కండ్ల ఫైలు తెరిచాడు. తెర నిండా అవే. ఒక్కొక్క రెప్పవెంట్రుకా తెలుస్తోంది. నల్లగుడ్డులో కిటికీ, దాని ముందు కెమెరా పట్టుకుని వంగిన తను. భయమేసి మూత దించాడు. మూసినా ఎవరో చూస్తున్నట్టే ఉంది.

మూడు రోజులు తంటాలు పడ్డాడు. ఎప్పుడో తను పటం చేసిన కమలం అత్త ముక్కు పెట్టాడు, ఇంకెవరిదో గడ్డం పెట్టాడు. చచ్చిపోయిన పరాయి ఆడది తన భార్య కండ్లతో చూసింది. వెంటనే చెరిపేశాడు.

"పటం ఏది నాయినా? తెల్లారితే తిథి."

"మొగం లేదమ్మే. తీసినప్పుడల్లా నేనే చెరిపేస్తిని."

జీవిత ఏడ్చింది, తిట్టింది, ఆధార్ కార్డు తీసి చూస్తే అందులో మొగం నల్లమచ్చే, చివరికి ఆ కండ్లనే అచ్చేయించి చట్రం కట్టించింది. మర్నాడు దీపం వెలిగించి, దండ వేసి, వేలికి కుంకుమ అద్దుకుని పటం ముందు నిలబడిపోయింది.

"బొట్టు ఏడ పెట్టేది నాయినా?"