భామ్రాగడ్ దాకా రెండు బ్యాటరీలతో

భామ్రాగడ్ దగ్గర మూడు నదులు కలుస్తాయి. వానాకాలంలో ఆ నీళ్లను ఫొటో తీయాలని ఎన్నేళ్లుగానో కోరిక. ఆగస్టులో మూడు రోజులు సెలవు దొరికింది. మంచిర్యాలలో తెల్లవారుజామున బస్సెక్కి, చెన్నూరులో ఇడ్లీ తిని, ప్రాణహిత వంతెన దాటి తొమ్మిదింటికల్లా సిరోంచలో దిగాను. మెడలో పెద్ద జూమ్ కెమెరా, సంచిలో మరో బ్యాటరీ. ఇంకేం కావాలి అనుకున్నాను.

బస్టాండులో కమలక్క కాచుకుని ఉంది. నా మిత్రుడి అక్క, అంగన్‌వాడీ టీచరు. ఆమె కూతురు స్వప్న భామ్రాగడ్‌లో నర్సు. ఇంకా నెల ఉండగానే నొప్పులు వచ్చి అక్కడే కాన్పయింది, ఆడపిల్ల. తొలి కాన్పు పుట్టింట్లో చేయాలన్న ముచ్చట అట్లా పోయింది. మర్నాడు ఇరవయ్యొకటో రోజు, తొట్టెల. వాళ్లింట్లో బిడ్డ ముఖాన్ని అమ్మమ్మ చూశాకే తొట్టెలలో వేస్తారు. కమలక్క ఇంకా చూడలేదు.

"రెండుమాట్ల ఎల్లిన తమ్మీ, వాగులొచ్చి మల్ల తిరిగొచ్చిన. ఈపాలి నువ్వున్నవ్. ఎట్లనన్న పోవాలె" అంది.

నన్ను చూసి వాగులు ఆగుతాయని ఆమెకు ఎవరు చెప్పారో!

పది గంటలకు అహేరి వెళ్లే ఎర్ర బస్సు కదిలింది. మహారాష్ట్రలో ఆడవాళ్లకు సగం టికెట్. "మీ తెలంగాణల ఫుకట్, మా దిక్కు సగమే. కాని కూసునుడు నిండుగనే కూసుంటం" అంటూ కమలక్క కిటికీ సీటు పట్టేసింది. రోడ్డు గతుకులను వర్ణించను, నడుముకే తెలుసు.

నేను కెమెరా తీయగానే ముందు సీటులోని పెద్దాయన తలపాగా సర్దుకున్నాడు. తీశాను. "ఏదీ, చూపెట్టు" అన్నాడు. చూపించాను. ముఖం పెద్దది చేసి చూపమన్నాడు, చేశాను. కెమెరా వెనక సీటుకు పోయింది, అక్కడి నుంచి డ్రైవరు పక్కకు. వాళ్లందరినీ తీయాల్సి వచ్చింది, తీసిన ప్రతిదీ చూపించాల్సి వచ్చింది. ఈ వైపు ఫొటో తీయడమంటే సగం పనే. ఫొటో దిగినవాడు చూసుకుని, పక్కవాడికి చూపి, నవ్వితేగాని అది పూర్తికాదు. అహేరి దగ్గర పడేసరికి మొదటి బ్యాటరీ పడుకుంది.

"గింత జల్ది అయిపాయెనా? నా ఫోన్ పొద్దందాక ఉంటది" అంది కమలక్క.

నాకు పాఠం చెప్పే అవకాశం దొరికింది. ఫోన్ బ్యాటరీ అరచేయంత, కెమెరాది అగ్గిపెట్టెంత. ఆ అగ్గిపెట్టెతోనే వెనక తెర వెలగాలి, జూమ్ తిప్పే మోటారు నడవాలి, చేతి వణుకు సరిచేసే యంత్రం ఆడాలి, ఫ్లాష్ నిండాలి. ఒక్క ఫొటో తీయడానికి ఖర్చయ్యేది కొంచెమే. తీసినదాన్ని పది మంది తెర మీద చూస్తేనే అసలు ఖర్చు. అందుకని తెర వెలుగు తగ్గించాలి, వైఫై ఆపాలి, పని లేనప్పుడు స్విచ్ కట్టేయాలి, తీసినవి ఇంటికెళ్లాకే చూసుకోవాలి.

ఆమె అంతా ఓపికగా విని, "ఫొటో దీసి చూపెట్టొద్దంటె, వండి వడ్డించొద్దు అన్నట్టేగద తమ్మీ" అంది.

భామ్రాగడ్ బస్సు పొద్దునే కాబట్టి ఆ రాత్రి అహేరి పక్కనున్న నాగేపల్లిలో కమలక్క చిన్నమ్మ ఇంట్లో దిగాం. వేడివేడి అన్నం, చింతచిగురు పప్పు. ఖాళీ బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి పడుకున్నాను. నాతోపాటే కరెంటు కూడా పడుకుంది, తెల్లారినా లేవలేదు. నా కెమెరా పాతది, పవర్ బ్యాంకుతో చార్జ్ కాదు. ఇక మిగిలింది ఆ రెండో బ్యాటరీయే.

పొద్దున ఎనిమిదింటికి భామ్రాగడ్ బస్సు దొరికింది. అందరికీ నీతులు చెప్పినవాణ్ని, నేనేం తక్కువ తినలేదు. అడవి మీద మబ్బు దిగుతుంటే వీడియో, పొంగే ప్రతి వాగుకూ జూమ్. వైఫై ఆపాలని చెప్పానే గాని నా కెమెరాలో ఆపనేలేదు. పదకొండు దాటాక బస్సు నది ముందు ఆగేసరికి బ్యాటరీ గుర్తు ఎర్రబడి మినుకుమంటోంది.

వంతెన దాటితే భామ్రాగడ్, దాని మీద నుంచి ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. అడ్డంగా తాడు కట్టి పోలీసులు నిలబడ్డారు. కండక్టర్ దిగి చూసి వచ్చి, "పూల్ బంద్. గాడీ వాపస్ పోతది, జర చాయ్ తాగుండ్రి" అన్నాడు.

కమలక్క తాడు దాకా నడిచింది. ముందురోజు నుంచి అవతల ఫోన్లు పనిచేయడం లేదు. "అల్లుడు బస్సుకాడికి వస్తనన్నడు. ఇల్లు గా ఒడ్డుకే" అంది. అవతలి ఒడ్డున జనం మధ్య ఒక ఎర్ర గొడుగు కనిపించింది. ఆమె చేయి ఊపింది. గొడుగు కూడా ఊగింది. కేక వేస్తే నీళ్ల హోరులో మన మాట మనకే వినపడదు. ఫోన్‌లో ఎంత పెద్దది చేసి చూసినా గొడుగు ఎర్ర చుక్కే.

"తమ్మీ, నీ కెమెరాల అగుపడ్తదా?"

తువాలు మడిచి కిలోమీటరు రాయి మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి జూమ్ చివరిదాకా తోశాను. గొడుగు దొరికింది, దాని కింద స్వప్న. చేతుల్లో గుడ్డ చుట్టిన చిన్న మూట, ముఖం కప్పి ఉంది. ఇంతలో తెర మీద బ్యాటరీ అయిపోయిందన్న హెచ్చరిక వచ్చి పోయింది.

"అక్కా, ఇగ ఎక్కువసేపు ఆగదు. ఫొటో తీస్తే ఒకటి వస్తదేమో. తెర పెట్టి చూస్తుంటే అది కూడా రాదు. ఏం చేద్దాం? ఫొటో ఉంటే ఎప్పటికీ ఉంటది."

ఆమె రాయి పక్కన బురదలోనే కూర్చుంది. "ముఖం మీద గుడ్డ ఉన్నది, గుడ్డను దీసుకొని ఏంజేస్త? చూడనియ్యి. పోయినకాడికి పోనియ్యి" అంది.

కెమెరా కదలకుండా రెండు చేతులతో పట్టుకుని తెర ఆమె వైపు తిప్పాను. డ్రైవరు వచ్చి మా మీద గొడుగు పట్టాడు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి "తీసింది, గుడ్డ దీసింది!" అంది కమలక్క. కళ్లు తుడుచుకుంటే ఆ లోపల తెర పోతుందేమోనని తుడుచుకోలేదు. చివరికి, "ఆవులిస్తున్నది తమ్మీ" అని నవ్వింది. అంతలో తెర నల్లబడింది.

ఆమె లేచి అవతలి ఒడ్డుకేసి రెండు చేతులూ చాచి తొట్టెల ఊపినట్టు ఊపింది. "ఎయ్యుండ్రి! నేను చూసిన, ఇగ ఎయ్యుండ్రి!" అని అరిచింది. మాట అందలేదు గాని చేతులు అందినట్టున్నాయి. ఎర్ర గొడుగు పైకీ కిందికీ చాలాసేపు ఊగింది.

పన్నెండున్నరకు బస్సు వెనక్కి తిరిగింది. నీళ్లు తగ్గేదాకా చిన్నమ్మ ఇంట్లోనే ఉంటానని కమలక్క నాగేపల్లిలో దిగిపోయింది. నేను సిరోంచలో ఆ రాత్రి ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి మంచిర్యాల చేరాను. మూడు నదులు కలిసే చోటు చూడనేలేదు. అటు వెళ్లేవాళ్లకు ఒక మాట: వానాకాలంలో కరెంటును నమ్మకండి, మూడు బ్యాటరీలు ఇంట్లోనే నింపుకుని పోండి. రెండు మీకు, ఒకటి అడిగినవాళ్లకు చూపించడానికి.

ఆరోజు తిరుగు బస్సులో అందరూ ఫొటో ఏదని కమలక్కను అడిగారు. లేదని చెప్పి, ఆ పసిబిడ్డ ముక్కు, నుదురు, ఆవులింత, పెదవి కింది చిన్న సొట్ట, సీటుసీటుకూ తిరిగి చెప్పింది. నాగేపల్లి వచ్చేసరికి బస్సులో ఆ పిల్లను ఎరగనివాళ్లు లేరు. నేను మాత్రం ఇప్పటికీ ఆ పిల్లను చూడలేదు. తెర వెలిగినంతసేపూ నేను చూసింది వాళ్ల అమ్మమ్మ ముఖాన్నే.