వెనకాయన కోసం సున్నం గుర్తు

గోవర్ధన్‌ని ఎవరైనా ఒంటరివాడంటే ఆయనకు కోపం వచ్చేది. ఇంట్లో భార్య ఉంది, విమానాశ్రయం సరుకుల షెడ్డులో తోటివాళ్ళు నలభైమంది ఉన్నారు. కాకపోతే భార్య సునీతది కొత్తూరు మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టు, ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. ఆమె వచ్చేసరికి ఆయన ఉండడు, ఆయన వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. స్టీలు డబ్బాలో కూర తీసిపెట్టడమే వాళ్ళిద్దరి మాటామంతీ. ఆమెకు సెలవు శుక్రవారం, ఈయనకు ఆదివారం. పనిగట్టుకుని ఎవరో కూర్చుని చేసినట్టుంటుంది ఆ ఏర్పాటు. ఇక షెడ్డులో నలభైమందికీ చెవులకు మూతలే. విమానాల మోతలో ఎవరి గోడు ఎవరికి వినబడుతుంది?

అలాంటి మనిషికి యాభై దాటాక ఒక స్నేహితుడు దొరికాడు. బ్రహ్మానందం గారిది తెనాలి వైపు. కరెంటు ఆఫీసులో రిటైరై శంషాబాద్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. అరవై మూడేళ్ళ వయసులో, మట్టిదారుల్లోనూ గుట్టల్లోనూ తొక్కే లావు టైర్ల గ్రావెల్ సైకిళ్ళు రెండు తెచ్చాడు. రెండోది భార్య రత్నమాలకి. ఆవిడ ఒక్కసారి ఎక్కి, "నన్ను సాగనంపడానికి ఇంతకంటే మంచి ఉపాయం దొరకలేదా?" అని దిగిపోయింది. వారం తిరక్కుండా తుమ్మముల్లు దిగి తోవలో చతికిలబడ్డ ఆయనకు అటుగా పోతున్న గోవర్ధన్ పంక్చరు వేసిపెట్టాడు. ఆ రెండో సైకిలు అలా గోవర్ధన్ చేతికొచ్చింది.

మూడేళ్ళు ఒక్క ఆదివారం తప్పలేదు. తెల్లవారుతూనే బయల్దేరి, ఊళ్ళు దాటి, గుట్టలెక్కి, కందుకూరు వైపు అడవి అంచుదాకా. మోదుగ చెట్లు, సీతాఫలం పొదలు, ఎర్రమట్టి. బ్రహ్మానందం గారు నెమ్మదిగా తొక్కేవాడు, కానీ పౌరుషం మాత్రం పాతికేళ్ళ వాడిది. తన కోసం ఎవరైనా ఆగితే సహించేవాడు కాదు. "గోవర్ధన్ గారూ, మీరు వెళ్ళండి. నేను మెల్లగా వస్తాను. దారులు చీలినచోట గుర్తు మాత్రం పెట్టండి" అనేవాడు. అందుకని గోవర్ధన్ ఒక ప్లాస్టిక్ సీసా మూతకు చిల్లులు పొడిచి, నిండా సున్నప్పొడి పోసి జేబులో పెట్టుకునేవాడు. చీలిక వచ్చినప్పుడల్లా వెళ్ళాల్సిన వైపు బాణం గుర్తు, వెళ్ళకూడని వైపు అడ్డగీత. వెనకొచ్చే బ్రహ్మానందం గారు వాటిని చూసుకుని, చెప్పుకాలితో చెరిపేసి మరీ కదిలేవాడు. తర్వాత గుట్టమీద బండపైన కూర్చుంటే పావుగంటకో అరగంటకో కింద నుంచి బెల్లు మోగేది. ఆ బెల్లు కోసమే గోవర్ధన్ వారమంతా బతికేవాడు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

మొన్న ఎండాకాలంలో బ్రహ్మానందం గారు మధ్యాహ్నం భోంచేసి పడుకుని మరి లేవలేదు.

పదకొండు రోజులూ గోవర్ధన్ ఆయన ఇంటికి వెళ్ళి వచ్చాడు. పన్నెండో రోజు ఆదివారం. సైకిలు తీశాడు. మొదటి చీలిక దగ్గర చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. బాణం వేశాడు, అడ్డగీత గీశాడు. వెయ్యకపోతే ఆయన దారి తప్పుతాడనిపించింది. పిచ్చి అని తెలుసు. తెలిసినా, వెనకాల ఒక మనిషి నెమ్మదిగా వస్తున్నాడనుకుంటేనే కాళ్ళు ఆడేవి. ఆ ఒక్క గుర్తూ మానేస్తే తనకంటూ ఎవరూ మిగలరని భయం. ఈ సంగతి సునీతకు కూడా చెప్పలేదు. ఆరు నెలలు అలాగే గడిచాయి.

మూడో చీలిక ఒక ద్రాక్షతోట పక్కన ఉంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళేనట. గోవర్ధన్ తండ్రి రాజయ్య ఆ తోటల్లో కత్తెర పట్టిన మనిషి, కొడుక్కీ నేర్పాడు. పందిళ్ళన్నీ పోయి ప్లాట్లయ్యాయి. ఈ ఒక్క ఎకరం ఎట్లా మిగిలిందో మిగిలింది. దసరా వెళ్ళగానే తీగలు కత్తిరించాలి, అప్పుడే కొత్త చిగురుతో పాటు గుత్తి వస్తుంది. దీపావళి కూడా దాటిపోయింది, తోటకు కత్తెర పడలేదు. ఆకులు ముదిరి తుప్పు పట్టాయి. గోవర్ధన్ మూడు వారాలుగా చూస్తూనే ఉన్నాడు, అయ్యో అనుకుంటూనే ఉన్నాడు, సైకిలు మాత్రం ఆపలేదు. మనకెందుకులే అనే జబ్బు అందరికీ ఉన్నదే.

ఆ ఆదివారం కూడా కంచెకు పాతిన రాతి కడీ పక్కన వంగి బాణం వేస్తున్నాడు. వీపుమీద చీపురుకట్ట పడింది.

"దొరికినవ్ ర! ఆర్నెల్ల సంది సూస్తున్న. హెల్మెట్ తియ్యి, మొఖం సూడనియ్!"

తోట యజమానురాలు సత్తెమ్మ. అరవై దాటిన మనిషి. భర్త పోయాక తోటను ఒంటిచేత్తో నడుపుతోంది. గోవర్ధన్ బిత్తరపోయి హెల్మెట్ తీశాడు.

"నేనేం జేసిన పెద్దమ్మా?"

"ఏం జేసినవా? ఆయితారం ఆయితారం నా కంచెకు సున్నం గీస్తివి. పేడనీళ్ళు జల్లి నేను తుడుస్త, మల్ల వచ్చి గీస్తవ్. రోడ్డుకా, ప్లాట్లకా? ఏ ఆఫీసోనివి నువ్వు?"

గోవర్ధన్‌కు అప్పుడు తలకెక్కింది. ఈ ప్రాంతంలో సున్నపు గీతకు ఒకటే అర్థం. గీత పడితే భూమి పోతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన తనకు ఆ మాత్రం తట్టకపోవడం ఏమిటి!

"నేను సర్వేవోన్ని గాదు పెద్దమ్మా. సైకిల్ తొక్కెటోన్ని. ఎనుకాయనకు తోవ దెలుస్తదని గీస్తున్న. మా సారు జర మెల్లగ వస్తడు."

'వస్తడు' అనే మాట నోట్లోంచి మామూలుగానే వచ్చేసింది. సత్తెమ్మ చీపురు పారేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"గంతేనా! ఎట్లనన్న పొయ్యే తోటాయె, కత్తెరెందుకని ఇడ్సిపెడ్తి గదర! బువ్వ సయించక, నిద్ర రాక సచ్చిన." కాసేపు తిట్టింది. తర్వాత కడీకి ఆనుకుని కూర్చుని తోవ వైపు చూసింది. "రానీ మీ సారును. ఆయన్ని గూడ నాలుగు మాటలంట. ఆనక చాయ్ పోస్త."

గోవర్ధన్ నిలబడే ఉన్నాడు. ఆమె చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆరు నెలల్లో ఆ తోవకేసి చూస్తూ ఆయన కోసం ఎదురుచూసిన రెండో మనిషి ఆమె. తలమీదుగా ఒక విమానం దిగింది, తర్వాత ఇంకొకటి.

"ఏడి బిడ్డా, ఇంకా రాకపాయె?"

"రాడు పెద్దమ్మా."

"ఏమైంది?"

"సచ్చిపోయిండు. ఎండకాలంల."

ఆ మాట నోటితో అనడం అదే మొదలు. అనగానే మట్టిలో కూలబడ్డాడు. యాభై మూడేళ్ళ మగవాడు సైకిలు చక్రం పట్టుకుని ఏడ్చాడు. సత్తెమ్మ ఓదార్చలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, కోపమూ జాలీ కలిసిన గొంతుతో అంది:

"సచ్చినోనికి తోవ జూపబోయి, బతికున్న తోటను ఎండవెడ్తివి గదర నాయనా!"

ఆ మాట చీపురుదెబ్బ కంటే గట్టిగా తగిలింది. గోవర్ధన్ లేచి పందిరి కిందికి వెళ్ళాడు. ఒక తీగ వంచి, కణుపు గోటితో గిల్లి చూశాడు. లోపల ఇంకా పచ్చగా ఉంది.

"కత్తెర ఉందా పెద్దమ్మా? పూరా పోలే. సగం కాతన్న నిలవడ్తది."

"నీకేం దెలుసు కత్తెర?"

"మా బాపు నేర్పిండు."

ఆమె నమ్మీ నమ్మకుండానే కత్తెర తెచ్చిచ్చింది. మొదటి తీగ దగ్గర పక్కనే నిలబడి కణుపులు లెక్కపెట్టింది. రెండో తీగ దగ్గర చాయ్ పెట్టడానికి వెళ్ళింది. సాయంత్రానికి నాలుగు సాళ్ళు అయ్యాయి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి, డ్యూటీ టైముకు వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ఆదివారానికి తోటంతా అయిపోయింది. కోసిన కొసలకు తెగులు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి పుయ్యాలి. సత్తెమ్మ దగ్గర మైలుతుత్తం ఉంది, సున్నం చాల్లేదు.

"నీ సీసల ఉన్నదా?"

గోవర్ధన్ జేబులోంచి తీసి ఒకసారి ఊపి చూశాడు. మూత తీసి మొత్తం బకెట్లో పోశాడు. ఆమె కర్రతో కలిపింది.

పొద్దువాలుతుండగా సైకిలెక్కాడు. చీలిక దగ్గర అలవాటుగా బ్రేకు పడింది, చెయ్యి జేబులోకి పోయింది, ఉత్త సీసా తగిలింది. వెనక్కి తిరిగి చూశాడు. ఎర్రమట్టి తోవ అడవి దాకా ఖాళీగా ఉంది. "సారూ, నేను పోతున్న" అన్నాడు పైకే. తోవలో గుర్తేమీ పెట్టకుండా ఇంటికి తొక్కుకుంటూ పోయాడు.