పసుపు వేలిముద్రలు

పోయిన నెల నా భార్య నిద్రలోనే కన్నుమూసింది. ఆమె ఏ నొప్పీ పడలేదు.

ఆమె ఆర్మూర్ ఆడపిల్లల బడిలో సోషల్ టీచర్. అణ్వాయుధాలు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమా కాదా అన్న ప్రశ్న రెండేళ్ల కిందట, తొంభై నాలుగులో, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వెళ్లింది. మామూలు జనం కూడా తమ మాట రాసి పంపుతున్నారని పేపర్లో చదివి, 'ఈ బాంబు మా మనస్సాక్షికి విరుద్ధం' అని తెల్లకాగితాల మీద రాసుకుని, వేలిముద్రల కోసం పసుపు మార్కెట్‌కు బయలుదేరింది.

"ఆర్మూర్ వేలిముద్రలు హేగ్‌ల ఎవరు చూస్తరు?" అన్నాను. నేను లా చదివినవాణ్ణి.

"చూడకపోతె మానె. మనం చెప్పకుంటె గద తప్పు."

పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్లు చుట్టూ చేరారట. "టీచరమ్మా, ఏలు పెడితె రేషన్ కార్డు గిట్ల పోదు గద?" అందొకామె. ఇంకు ప్యాడ్ ఎండిపోయి ఉంది. అందరూ పసుపు తడి బొటనవేళ్లనే అద్దారు. ఇంటికొచ్చి ఆమె కాగితాలను డాబా మీద ఆరబెట్టింది. సాయంత్రానికి అన్నీ తెల్లగా ఉన్నాయి.

మర్నాడు కొత్త ప్యాడ్‌తో మళ్లీ వెళ్లింది. "పిల్లలకు సదువు చెప్తవు, పసుపు మరక ఎండకు పోతదని ఎరుక లేదా?" అని మార్కెట్ మార్కెట్టంతా నవ్విందట. నాకు చెబుతూ తనూ నవ్వింది. ఈసారి కాగితాలు పోస్టులో వెళ్లాయి.

తీర్పు ఈ జులైలో వచ్చింది. అప్పటికి ఆమె దవాఖాన నుంచి ఇంటికొచ్చి మంచం పట్టింది. అణ్వాయుధాల వాడకం సాధారణంగా చట్టవిరుద్ధమే, కానీ దేశం ఉనికికే ముప్పు వచ్చినప్పుడు ఏమిటన్నది తేల్చలేమన్నారు జడ్జీలు. మొదటి సగమే చెబుదామనుకున్నాను. రెండేళ్లు ఎదురుచూసిన మనిషి. ఆ 'కానీ' వింటే ఏమవుతుందోనని భయం.

"మొత్తం సదువుండ్రి," అంది, నా మొహం చూసి.

చదివాను.

"తీర్పు ఉడికింది," అంది. "ఉడకంగనె పసుపు కొమ్ము మెరుస్తదా? ఎండాలె, రాపిడి కావాలె. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

నా గుండెల మీది బరువు దిగింది. దాచి ఉంటే ఈ మాట నాకు దక్కేది కాదు.

మొన్న ఆమె బడి సంచీ సర్దుతుంటే అట్లాసు మధ్యలో ఒక కాగితం కనబడింది. ఆ రోజు ఆరబెట్టడం మరిచిందేమో. పదకొండు బొటనవేళ్లు, ఇంకా పచ్చగా. కిటికీలోంచి ఎండ పడుతోంది. గబుక్కున అట్లాసు మూసేశాను.