సున్నా ఎందుకు వేస్తామో

పొందూరుకి అవతల, ఊరి పేరెందుకులెండి, ఒక పల్లెలో నాకు పంతులమ్మ ఉద్యోగం దొరికింది. టెంపరరీ పోస్టు. పంతొమ్మిదివందల అరవైల చివరి రోజులు. బడికి నేనొక్కదాన్నే, అయిదు తరగతులూ నావే. ఆ ఉద్యోగం పర్మనెంటయితే మా అమ్మా నేనూ బతికి బట్టకడతాం. లేకపోతే మావయ్య ఇంటికి పోయి ఆయన పెట్టింది తినాలి. ఆ రెండోది తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

చుట్టుపక్కల బడుల వాళ్ళం నలుగురం ఆదివారాలు పక్కూరి మాష్టారి బడి వరండాలో కలిసేవాళ్ళం. ఆయనే మొదలెట్టారది. ఆ వారం ఎవరి పాఠం చెడిందో వాళ్ళు లేచి మళ్ళీ చెప్పాలి, మిగతావాళ్ళు పిల్లల్లా కింద కూర్చోవాలి. మాష్టారు అంత పెద్దాయన అయ్యుండీ బాసింపట్టు వేసుకుని, మూడో తరగతి కుర్రాడిలా ముక్కు ఎగబీలుస్తూ అడ్డదిడ్డం ప్రశ్నలు వేసేవారు. నవ్వి నవ్వి కడుపు నొప్పెట్టేది. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ ఎవరికి ఏది రాదో చెప్పేసుకునేవాళ్ళం. ఇక్కడ అన్న మాట గడప దాటకూడదని మాష్టారే నియమం పెట్టారు.

నా చెడ్డ పాఠం భాగహారం. ఆరువందల పన్నెండుని ఆరుతో భాగించమంటే మా పిల్లలు పన్నెండని రాసేవారు. మధ్యలో సున్నా మింగేసేవారు. ఒక ఆదివారం సిగ్గు విడిచి చెప్పాను: "అక్కడ సున్నా ఎందుకేస్తామో నాకే తెలీదు మాష్టారూ. మా పంతులు వెయ్యమన్నాడు, ఏస్తన్నాను."

ఎవరూ నవ్వలేదు. మాష్టారు చీపురుపుల్లలు తెప్పించి, వందేసి పుల్లల కట్టలు ఆరు, పదింటి కట్ట ఒకటి, విడి పుల్లలు రెండు పేర్చి పంచి చూపించారు. ఆరుగురు పిల్లలనుకుంటే వందల కట్టలు తలా ఒకటి వచ్చాయి. పది కట్ట ఒక్కటే ఉంది, అది ఎవరికీ రాదు. ఆ రాని చోటు ఖాళీగా వదిలేస్తే లెక్క కుంచించుకుపోయి నూటరెండు కాస్తా పన్నెండవుతుంది, అందుకని సున్నా. తరవాత ఆ కట్ట విప్పి, విడి పుల్లలతో కలిపి తలా రెండు పంచారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పక్కనే కూర్చున్న అక్క నా వీపు నిమిరింది. అక్కంటే మా అక్క కాదు, మరో బడి పంతులమ్మ. నాకు ఆ ప్రాంతంలో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు.

వేసవి సెలవుల ముందు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. పద్యం అడగలేదు, చూచిరాత అడగలేదు. కుర్చీలో కూర్చుంటూనే భాగహారం చెప్పమన్నారు. నేను హుషారుగా పుల్లలు అందుకున్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "అక్కడ సున్నా ఎందుకేస్తామో మీకే తెలీదట కదా. మీ పంతులు వెయ్యమన్నాడని వేస్తున్నారట" అన్నారు.

నా మాటలు నా నోట్లోంచి వచ్చినట్టే ఆయన నోట్లోంచి వచ్చాయి. పుల్లలు చేతిలోనే ఉన్నాయి, పాఠం మొత్తం తెలుసు, ఒక్క ముక్క పెగల్లేదు. పిల్లలు నా మొహంకేసి చూస్తూ కూర్చున్నారు. ఆయన లేచి వెళ్ళిపోయారు.

బడి మళ్ళీ తెరిచేనాటికి నా కుర్చీలో మాష్టారి కోడలు కూర్చుని ఉంది.

ఆ ఆదివారం వరండాకి వెళ్ళి అందరి ముందూ నిలదీశాను. మాష్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నీ మంచికే సెప్పానమ్మా. ముందే తెలిస్తే ఆయన నెమ్మదిగా సూస్తాడనుకున్నాను" అన్నారు.

"మరి మీ కోడలికి ఏటి రాదో, అది కూడా సెప్పారా?" అన్నాను.

మిగతావాళ్ళు వేరుశెనక్కాయలు వొలుచుకుంటూనే ఉన్నారు. ఇంత ద్రోహం చేసిన మనిషి పక్కన కూర్చుని వీళ్ళకి ముద్ద ఎలా దిగుతోందా అనుకున్నాను.

అక్క నా వెనకే ఊరి పొలిమేర దాకా వచ్చింది. నేను ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు తెలుసే. మాష్టారు ఆ ఇన్‌స్పెక్టరుకి సెప్పేశారని తనిఖీకి ముందే తెలుసు" అంది. "సెప్పాలనే మీ ఇంటికి వొచ్చాను. నువ్వు పుల్లలు పేర్సుకుని, మీ అమ్మని పిల్లలా కూకోబెట్టి పాఠం సెప్తన్నావు. ఎంత బాగా సెప్తన్నావో. గుమ్మంలో నిలబడి ఇన్నాను. సెప్తే రేపు నా ఉజ్జోగం మీదకీ వస్తాదని బయమేసింది. ఎల్లిపోయాను."

చెయ్యి విడిపించుకున్నాను. మాష్టారి మీద కోపం ఏళ్ళు గడిచాక చల్లారింది. ఆయన కోడలి కోసం చేసుకున్నాడు, పోనీ అనుకున్నాను. అక్కని మాత్రం ఈనాటికీ క్షమించలేదు. అసలు రాకుండా ఉండి ఉంటే క్షమించేదాన్నేమో. వచ్చింది, నా పాఠం విన్నది, వెళ్ళిపోయింది.