లెన్సులో తప్పు పట్టింది ఆమె

గత నెల నా భార్య చనిపోయింది. మధ్యాహ్నం కార్ఖానాలో పని చేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చుందట. నేను చేరేసరికే అయిపోయింది. ఫలక్‌నుమాలో మా వీధివాళ్లు చాలామంది ఆమె అరగదీసి బిగించిన కళ్లద్దాలే పెట్టుకుంటారు. ఆమె గురించి వాళ్లకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది.

ఆమె చదివింది ఏడో తరగతి. ఇరవై ఏళ్లు చష్మాల కార్ఖానాలో సానరాయి ముందు కూర్చుంది. అద్దాల్లో సరిగా కనబడడం లేదని ఎవరైనా లొల్లి చేస్తూ వస్తే, "ముందుగాల తుడువు, అటెన్క తిట్టు" అనేది. సగం మంది తుడుచుకుని నవ్వుకుంటూ పోయేవారట. ఇంట్లో నా అద్దాలు కూడా రోజూ పొద్దున తనే తుడిచి పేపరు మీద పెట్టేది. నేను డిగ్రీ చదివాను. ఆఫీసు లేని రోజుల్లో ఫంక్షన్లకు ఫొటోలు తీసేవాణ్ణి.

మూడేళ్ల కింద ఎవరో వాడిన లెన్సు ఒకటి కొన్నాను. మధ్యలో ముఖం బాగానే వచ్చేది. అంచుల్లో నిలబడ్డవాళ్లు నీళ్లలో ఉన్నట్టు చెదిరిపోయేవారు. కెమెరా మీద అనుమానంతో వేరే లెన్సు పెట్టి చూశాను, బాగుంది. గోడకు పేపరు అంటించి, కెమెరాను స్టూలు మీద కదలకుండా పెట్టి మళ్లీ మళ్లీ తీశాను. లెన్సు వెనక కెమెరాకు తగిలే ఇత్తడి చుక్కలను మురికి పోయేలా రబ్బరుతో రుద్దాను. వారం గడిచింది. ఆదివారానికి ఒక పెళ్లి ఒప్పుకుని ఉన్నాను.

ఒక సాయంత్రం మా బామ్మర్ది ఇంట్లో ఉన్నాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి లెన్సు అడిగింది. ట్యూబ్‌లైటు కింద పట్టి వంచి చూసింది. నా రెండో లెన్సు తెచ్చి పక్కన పట్టింది. దాని అద్దంలో ట్యూబ్‌లైటు సన్నటి పోగులా కనబడింది. కొత్తగా కొన్నదాంట్లో వెడల్పాటి పట్టీలా ఉంది.

"ముందు అద్దం ఉల్టా ఉన్నది. ఉబ్బు బయటికి ఉండాలె, లోపలికి పోయింది. ఎవరో విప్పి తుడిచి గిట్ల బిగించిన్రు."

"ఇది చష్మా కాదు," అన్నాను. "తెల్వని దాంట్ల వేలు పెట్టకు."

బామ్మర్ది నవ్వాడు. "అక్కా, బావ లెన్సుకు నంబర్ రాసిస్తవా ఏంది?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆమె లెన్సుకు మూత పెట్టి, నా ముందుంచి, కూర కలపడానికి పోయింది.

మర్నాడు పురానాపూల్ దగ్గర కెమెరాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పోయాను. ముందు అద్దం తిరగబడినట్టుందని నేనే చెప్పాను. ఆయన విప్పి చూసి, అవునని, ఎట్లా కనిపెట్టారని అడిగాడు. చూస్తే తెలిసిందన్నాను. ఆయన పక్కనున్న గిరాకీతో, "పఢే లిఖే ఆద్మీ హై," అన్నాడు. చదువుకున్న మనిషినన్న ఆ మాట నేను కాదనలేదు.

ఇంటికొచ్చి, లోపల ఏదో స్ప్రింగు పోయిందట, మార్చాడని ఆమెకు చెప్పాను. ఆమె లెన్సు తీసుకుని వెలుతురులో ఒకసారి తిప్పి చూసింది.

"అట్లనా," అంది. "మంచిగైంది తీయి."

గొంతులో వెటకారం లేదు. ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది. తరవాత మూడేళ్లలో నిజం చెప్పే సందర్భం రాలేదని అనను. నేను చెప్పలేదు.

కర్మలు అయ్యాక ఆమె టిఫిన్ డబ్బా, చెప్పులు తెచ్చుకోవడానికి కార్ఖానాకు పోయాను. ఆమె పక్కన కూర్చుని పని చేసే ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పలకరించింది.

"మీ సంగతి మస్తు చెప్పేది సార్. లెన్సు ఉల్టా ఉన్నదని మీరే పట్టిన్రట కదా. 'మా ఆయన కండ్లకు ఏదీ దాగదు' అనేది."

సానరాళ్ల చప్పుడులో నేను చెప్పింది ఆవిడకు వినబడలేదు. ఏందని అడిగి, లేచి పోయి స్విచ్చులన్నీ ఆపింది.

"పట్టింది నేను కాదమ్మా, తను," అన్నాను. "నేను ఆమె తమ్ముని ముందర ఆమెను నవ్వులపాలు చేసిన."

అక్కడున్న నలుగురూ విన్నారు. స్విచ్చు ఆపినా రాళ్లు ఇంకా తిరుగుతున్నాయి, అంచుల నుంచి తెల్లటి నీళ్లు రాలుస్తూ. వాటి మధ్య ఆమె రాయి పొడిగా ఉంది.