ఆకాశం చూసే చేప

సిరిసిల్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి మొన్న కొత్త నమూనాల పెట్టె వచ్చింది. సీసా మూత తీయగానే ఫార్మలిన్ ఘాటు గుప్పుమని కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు ముక్కులు మూసుకుని కిటికీల వైపు పరుగెత్తారు. నేను మాత్రం ఊపిరి గట్టిగా పీల్చి నవ్వుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు నరహరి సార్ గుర్తొస్తారు.

కోరుట్లలో ఇప్పుడు మూతపడిన ఓ చిన్న ప్రైవేటు కాలేజీలో ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముక్కు మీద కోపం. "చదివింది గియ్యకుండ్రి, చూసింది గియ్యుండ్రి," అని రోజూ అరిచేవారు. మేం బుద్ధిగా తలలూపి, సీనియర్ల రికార్డులు తెచ్చి దించుకునేవాళ్లం. ల్యాబులో ఒక సీసా మీద 'తేలు చేప' అని ఆయన చేతిరాతతో చీటీ ఉండేది. పాత బ్యాచ్‌లో ఏ మహానుభావుడో పేజీలో పట్టక దాని తోక వంచి గీశాడు. అప్పటి నుంచి అందరి రికార్డుల్లోనూ ఆ చేప తోక వంకరే. మాలో ఎవరమూ సముద్రం చూసినవాళ్లం కాదు, మాకేం తెలుసు!

నా ఖర్మకొద్దీ, నాకు దొరికిన రికార్డులో సరిగ్గా ఆ పేజీనే చెదలు తిన్నాయి. గత్యంతరం లేక మొదటిసారి ఆ సీసా ముందు కూర్చున్నాను. అరచేతిలో పట్టేంత చేప. రెండు కళ్లూ నడినెత్తిన ఉన్నాయి. నోరు పైకి తెరుచుకుని ఉంది, పెదవుల అంచున సన్నని కుచ్చులు. ఉన్నది ఉన్నట్టు గీశాను.

సార్ ఆ బొమ్మ చూసి రికార్డు బల్ల మీద పడేశారు. "ఇదేంది? తేలు చేప గిట్లుంటదా? మళ్ల గీసుకరా. లేకుంటే సంతకం పెట్ట."

ఆయన సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. రాయికల్‌లో బీడీలు చుట్టే మా అమ్మ ముందే తేల్చి చెప్పింది, "ఈ ఏడు తప్పినవంటే సదువు బందే బిడ్డా. నాతోటి బీడీల చాట ముందట కూసోవాలె." కళ్లు పక్కకు జరిపి, తోక వంచేస్తే గండం గట్టెక్కుతుంది. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ చెరపబుద్ధి కాలేదు. మొండిదాన్ని, ఏం చేయను?

"సార్, కండ్లు పైన్నే ఉన్నయి. మీరొక్కపారి చూడుండ్రి," అన్నాను.

ఆయన విసుగ్గానే చేపను ట్రేలోకి తీశారు. వంగి చూశారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. తర్వాత బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిప్పారు. చివరికి ఒక బొమ్మ దగ్గర వేలు ఆగింది.

"స్టార్‌గేజర్," అన్నారు మెల్లగా. "ఆకాశం చూసే చేప. ఇసుకల మునిగి కండ్లు, నోరు బయట పెట్టుకుంటది. మీదికెళ్లి చిన్న చేప పోతే గుటుక్కున మింగుతది. పదేండ్ల సంది నా ముందటనే ఉన్నది. నేను చీటీ చూసిన గని చేపను చూడలే."

ఆ చీటీని బ్లేడుతో గీకేసి, నా రికార్డు మీద సంతకం పెట్టారు.

పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చేతిలో మాత్రం పాత జాబితాయే ఉంది. ఆ చేపకు నేను రాసిన పేరు చూసి, "ఇది తప్పు కదమ్మా," అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సార్ లోపలికి వచ్చారు. పిల్లలందరూ వింటుండగా అన్నారు, "తప్పు నాది సార్. పదేండ్లు తప్పు చెప్పిన. గీ పిల్ల దిద్దింది."

ఎగ్జామినర్ సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. నవ్వాడు. నాకు పూర్తి మార్కులు వేశాడు. ఆ సాయంత్రం రాయికల్ బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నేను కూర్చోలేదు. అంత సంతోషంలో కూర్చోబుద్ధి కాలేదు.

మార్కుల మెమో తీసుకోవడానికి వెళ్లినప్పుడు అడిగాను, "అందరి ముందట గట్ల చెప్పిండ్రు, ఇజ్జత్ పోలేదా సార్?"

"పోయింది. పోతే పోయింది తియ్. చేప దొరికింది గదా!" అని పగలబడి నవ్వారు.

ఇప్పుడు నా క్లాసులో ఏ పిల్లయినా లేచి, "మేడం, మీరు చెప్పింది తప్పున్నది," అంటే ముందు నా చెవులు వేడెక్కుతాయి. ఆ కోపం నా సొంతం. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, ఆ పిల్ల పక్కకు వెళ్లి వంగి చూస్తాను. అది సార్ నేర్పింది.